ఒకే మడమకు రెండు తుపాకులు

రైఫిల్ పని వేరు, షాట్‌గన్ పని వేరు. రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. ఒకే ఒక్క తూటాను గిరగిర తిప్పుతూ దూరంలో ఉన్న చిన్న గురికి పంపడం వాటి పని. షాట్‌గన్ గొట్టం లోపలి భాగం నునుపు. ఒక గుప్పెడు చిన్న గుళ్లను దగ్గర్లో ఎగిరే పక్షి మీదికో, పరుగెత్తే కుందేలు మీదికో గుంపుగా వదలడం దాని పని. మొదటిదానిలో తూటా వెనక వాయు పీడనం 3000 బార్లు దాటవచ్చు. రెండోదానిలో అది సాధారణంగా 700, 800 బార్ల లోపే. ఇంత తేడా ఉన్న రెండు గొట్టాలను టంకంతో అతికించి, ఒకే కీలు మీద విరిచి తెరిచేలా, ఒకే మడమకు బిగిస్తే అది కాంబినేషన్ గన్ అవుతుంది. మూడు గొట్టాలున్న రకాన్ని జర్మన్లు డ్రిల్లింగ్ అంటారు. యాభై, ఎనభై, నూరేళ్ల నాటి ఇలాంటి తుపాకులు ఐరోపా, అమెరికా ఇళ్లలో ఇప్పటికీ వారసత్వంగా చేతులు మారుతున్నాయి. అలా చేతికొచ్చినవాళ్లు మొదట వెతికేది నూనె సీసా, తుప్పు వదిలించే ఉన్ని, కొత్త రంగు. నిజానికి పాత కాంబినేషన్ గన్ సంరక్షణలో ముఖ్యమైన భాగం దాన్ని గుర్తించడం, కొలవడం. మిగతా పనులన్నీ ఆ తర్వాత రావాలి. గుర్తించకుండా మొదలుపెట్టిన శ్రద్ధ నిర్లక్ష్యం కంటే ఎక్కువ చెరుపు చేయగలదు. ఈ మాట ఎందుకు అనాల్సి వస్తుందో ఆ యంత్రం లోపలి భౌతిక, రసాయన శాస్త్రాలే చెబుతాయి.

ముందుగా, ఇంత చిక్కు యంత్రం అసలు ఎందుకు పుట్టింది? మధ్య ఐరోపా అడవుల్లో ఒకే ఉదయం ఒకే వేటగాడికి జింక, నక్క, కుందేలు, ఫెజెంట్ పక్షి ఎదురుకావచ్చు. ఏది ఎదురవుతుందో ముందే తెలియదు, రెండు తుపాకులు మోయడం కష్టం. జర్మనీలోని జూల్, ఆస్ట్రియాలోని ఫెర్లాక్ పట్టణాల పనివాళ్లు ఈ అవసరానికి రూపమిచ్చారు. అదే అవసరం వేరే చోట్ల వేరే రూపాలెత్తింది. అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ 1930ల చివర్లో పైన .22 రైఫిల్, కింద .410 షాట్‌గన్ గొట్టాలతో చవకైన తుపాకీ తెచ్చింది. 1950 నుంచి అది సావేజ్ మోడల్ 24 పేరుతో కొనసాగింది. 1941, 42 సంవత్సరాల్లో జర్మన్ వైమానిక దళం కోసం జె.పి. సావర్ సంస్థ జూల్‌లో ఎం30 డ్రిల్లింగులు తయారుచేసింది. విమానం కూలి ఎడారిలో చిక్కుకున్న సిబ్బంది ప్రాణాలు నిలుపుకోవడానికి అవి ఉద్దేశించినవి. 1965లో వోస్కోద్-2 నౌక దారి తప్పి ఉరల్ ప్రాంతపు అడవిలో దిగిన అనుభవం తర్వాత, సోవియట్ వ్యోమగాములకు టీపీ-82 అనే మూడు గొట్టాల తుపాకీ వచ్చింది. మన దేశంలో వేటాడిన బ్రిటిష్ అధికారుల చేతుల్లో మాత్రం ఇంకో పరిష్కారం కనిపించేది. బ్రిటిష్ సైనికాధికారి ఫాస్బెరీ 1885లో పేటెంట్ తీసుకోగా హాలండ్ అండ్ హాలండ్ సంస్థ తయారుచేసిన పారడాక్స్ తుపాకీలో, నునుపు గొట్టం చివరి కొద్ది అంగుళాల్లో మాత్రమే గాడులుండేవి. అక్కడ ఒకే గొట్టం రెండు పనులూ చేసింది, అందుకు రైఫిల్ దూరాన్ని వదులుకుంది. కాంబినేషన్ గన్ ఏదీ వదులుకోకుండా రెండు గొట్టాలనూ ఉంచుకుంది. దాని చిక్కులన్నీ ఆ నిర్ణయం నుంచే మొదలయ్యాయి.

మొదటి చిక్కు గుర్తింపు. నేటి తుపాకీ గొట్టం మీద ఏ కార్ట్రిడ్జ్ వాడాలో స్పష్టంగా రాసి ఉంటుంది. పాత జర్మన్ డ్రిల్లింగ్ మీద చాలాసార్లు ఆ పేరే ఉండదు, ప్రభుత్వ పరీక్షాలయం వేసిన ముద్రలు మాత్రమే ఉంటాయి. 1891 నాటి జర్మన్ చట్టం ప్రకారం ఈ ముద్రల్లో కిరీటం కింద ఒక అక్షరం ఉంటుంది. జి అంటే గాడులున్న గొట్టం, ఎస్ అంటే గుళ్ల గొట్టం, డబ్ల్యూ అంటే కొస దగ్గర సన్నబరిచిన గొట్టం. పొగలేని నైట్రో మందుతో పరీక్షించిన గొట్టానికి ఆ తర్వాత ఎన్ అక్షరం చేరింది. 1940 నుంచి కిరీటం పోయి డేగ వచ్చింది. ఎన్ అక్షరం లేని నూరేళ్ల గొట్టం పాత బ్లాక్ పౌడర్‌కు మాత్రమే పరీక్షించినదై ఉండవచ్చు. ఆ మందుకూ నేటి మందుకూ పీడనం పెరిగే తీరే వేరు. రైఫిల్ గొట్టం విషయంలో ముద్ర చెప్పేది తరచుగా లోపలి వ్యాసమే. ఆ వ్యాసానికి సరిపోయే కార్ట్రిడ్జులు అరడజను ఉండవచ్చు.

ఈ అస్పష్టత ఎంత ప్రమాదకరమో ఎనిమిది మిల్లీమీటర్ల కథ చెబుతుంది. 8×57 అనే జర్మన్ కార్ట్రిడ్జ్ కుటుంబంలో పాత తూటా వ్యాసం సుమారు 8.07 మి.మీ., 1905 తర్వాత వచ్చిన కొత్త తూటాది సుమారు 8.2 మి.మీ. తేడా మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. పాత గొట్టంలో కొత్త తూటా పెడితే అది ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక కార్ట్రిడ్జ్ ఇమిడే గదిలో, కూర్చోవచ్చు కూడా. కాని పేలినప్పుడు దాన్ని తన కంటే సన్నని దారిలో కుక్కినట్టవుతుంది, పీడనం తయారీదారు లెక్క దాటిపోతుంది. కాబట్టి ముద్రలు చదవడంతో పని అయిపోదు. ఛాంబర్ అచ్చు తీయాలి. దీనికి వాడే సెరోసేఫ్ అనే బిస్మత్ మిశ్రలోహం 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే నీరు మరిగే లోపే కరుగుతుంది. ఛాంబర్‌లో పోసి చల్లారనిస్తే మొదట కొద్దిగా కుంచించుకుపోయి సులభంగా బయటికి వస్తుంది. ఆ తర్వాత మెల్లగా వ్యాకోచించి, సుమారు గంటకు ఛాంబర్ అసలు కొలతకు చేరుకుంటుంది. అప్పుడు మైక్రోమీటరు పెట్టాలి. ఈ లోహంలో సీసం, కాడ్మియం ఉంటాయి కాబట్టి ఇది అనుభవమున్న గన్‌స్మిత్ చేయాల్సిన పని. గొట్టం అసలు ఏమిటో తేల్చే పరీక్ష మాత్రం ఇదే. అమ్మినవాడి మాట, అటక మీది పెట్టెలో దొరికిన పాత తూటాలు దీనికి ప్రత్యామ్నాయం కావు.

షాట్‌గన్ గొట్టంలో ఉచ్చు మరో రకంగా ఉంటుంది. యుద్ధానికి ముందు నాటి జర్మన్ 16 గేజ్ ఛాంబర్ల పొడవు సాధారణంగా 65 మి.మీ. నేటి 16 గేజ్ కార్ట్రిడ్జ్ సాధారణంగా 70 మి.మీ. పొడవని పెట్టె మీద ఉంటుంది. ఆ 70 మి.మీ. పేలి, మూతి మడత విచ్చుకున్న తర్వాతి పొడవు. పేలకముందు మడత వల్ల అది 60 మి.మీ. దగ్గరే ఉండి, పాత ఛాంబర్‌లో హాయిగా ఇమిడిపోతుంది, తుపాకీ సులువుగా మూసుకుంటుంది. పేలిన క్షణంలో మడత విప్పుకోవడానికి చోటుండదు. ఛాంబర్ ముందు సన్నబడే భాగంలోకి తొడుగు అంచు దూరి గుళ్ల దారిని ఇరుకు చేస్తుంది, పీడనం పెరుగుతుంది. .410 లోనూ ఇదే మోసం ఉంది. మూడంగుళాల కార్ట్రిడ్జ్ పేలకముందు రెండున్నర అంగుళాల ఛాంబర్‌లో పట్టగలదు. పట్టింది కాబట్టి సరిపోయిందనే సాధారణ తర్కం ఇక్కడ పనిచేయదు.

దీనికి తరచుగా వినిపించే ఆక్షేపణ ఒకటుంది. తాత వాడాడు, తండ్రి వాడాడు, ఏమీ కాలేదు కదా, ఇప్పుడు కొలతలెందుకు? ఇది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఉక్కు నిజంగానే ఓర్పు గల పదార్థం, తయారీదారులు కొంత అదనపు బలం ఉంచే తయారుచేశారు. కాని ఆ ఓర్పే అసలు విషయాన్ని మరుగుపరుస్తుంది. అధిక పీడనం మొదటిసారే గొట్టాన్ని చీల్చడం అరుదు. అది కీలును, తాళపు గొళ్లేలను కొద్దికొద్దిగా నలుపుతుంది. ఒక్కో పేలుడు మిగిల్చే అరుగుదల కంటికి ఆనదు, మొత్తం మాత్రం పోగవుతూనే ఉంటుంది. పైగా తాత వాడిన కార్ట్రిడ్జ్, నేడు దుకాణంలో దొరికేది ఒకటి కాకపోవచ్చు. పరీక్షాలయం ముద్ర ఉంది కదా అనేవారికీ ఇదే జవాబు. వాడుక పీడనం కంటే ఎక్కువ పీడనంతో పేల్చి చూసి ఆ ముద్ర వేశారన్నది నిజమే. అయితే అది ముద్ర పడిన రోజున గొట్టం ఎలా ఉందో చెబుతుంది. తర్వాత ఎవరైనా తుప్పు గుంటలు పోగొట్టడానికి లోపల అరగదీసి గోడను పలచన చేసి ఉంటే ఆ సంగతి ముద్రకు తెలియదు. అదృష్టవశాత్తు, ముద్రల పక్కన చెక్కిన లోపలి వ్యాసాన్ని నేటి కొలతతో పోల్చవచ్చు. తేడా కనిపిస్తే ఎవరో అరగదీశారని అర్థం.

కొలవాల్సిన ఇంకో చోటు, గొట్టాలు వెనక గోడకు ఆనే చోటు. విరిచి తెరిచే తుపాకీలో పేలుడు బలమంతా కీలు మీద, గొట్టాల కింది దిమ్మెల మీద, కొన్నిటిలో పైన అడ్డంగా దూరే గ్రీనర్ గొళ్లెం మీద పడుతుంది. వదులు ఉందో లేదో చూడాలంటే, ముందుగా తుపాకీ ఖాళీగా ఉందని ప్రతి గొట్టంలోకీ చూసి నిర్ధారించుకోవాలి. తర్వాత ముందు కర్రను తీసేయాలి. ఆ కర్రలోని స్ప్రింగు గొట్టాలను వెనక్కి నొక్కి పట్టి, చిన్న వదులును దాచేస్తుంది. కర్ర తీసి, తుపాకీ మూసి, మెల్లగా అటూ ఇటూ కదిపితే అసలు స్థితి బయటపడుతుంది. వెనక గోడకూ గొట్టాలకూ మధ్య వెలుగు కనిపిస్తే అది గన్‌స్మిత్ చూడాల్సిన తుపాకీ. షాట్‌గన్ గొట్టం దగ్గర కొద్దిగా ఓర్చుకోగలిగిన ఆ ఎడం, రైఫిల్ గొట్టం దగ్గర చాలా ప్రమాదకరం. కార్ట్రిడ్జ్ వెనకవైపు ఆధారం తగ్గి, అధిక పీడనంలో ఇత్తడి తొడుగు సాగి తెగిపోవచ్చు. ఒకే కీలు రెండు గొట్టాలకూ పనిచేస్తుంది కాబట్టి, దాని యోగ్యతను ఎప్పుడూ కఠినమైన రైఫిల్ ప్రమాణంతోనే తూచాలి.

ఇక గొట్టాలను కలిపిన టంకం సంగతి. ఉక్కు ఒక డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. 60 సెం.మీ. రైఫిల్ గొట్టం వరుస కాల్పులకు 40 డిగ్రీలు వేడెక్కితే పావు మిల్లీమీటరుకు పైగా సాగాలి. పక్కనే అతుక్కున్న షాట్‌గన్ గొట్టం చల్లగా ఉంటుంది, అది సాగదు, సాగనివ్వదు. ఇస్త్రీపెట్టె లోపలి రెండు లోహాల పట్టీ వేడికి వంగినట్టే ఈ జంట కూడా అతి స్వల్పంగా వంగుతుంది. కొస దిశ మిల్లీరేడియనులో సగం మారితే చాలు, 100 మీటర్ల దూరంలో తూటా 5 సెం.మీ. పక్కకు పోతుంది. అందుకే చాలా కాంబినేషన్ గన్లలో మొదటి తూటా ఒక చోట, రెండోది కొంచెం పైన లేదా పక్కన, మూడోది ఇంకాస్త దూరంగా తగులుతాయి. ఇది చూసి తుపాకీ పాడైందని, గొట్టం అరిగిందని తీర్మానించేవారు ఎక్కువ. ఆ తర్వాత కొసను కోయించడం, టంకం విప్పి మళ్లీ వేయించడం వంటి పనులకు దిగుతారు. అసలు దాని రూపకల్పనే చల్లని గొట్టం నుంచి వెలువడే మొదటి తూటా కోసం జరిగింది. పరీక్షించేటప్పుడు ప్రతి తూటా తర్వాత గొట్టం పూర్తిగా చల్లారనిస్తే, లోపమనుకున్నది చాలాసార్లు మాయమవుతుంది.

శుభ్రం చేయడంలో కూడా ముందు తెలుసుకోవాల్సింది ఆ గొట్టాల్లో ఏం పేలిందన్నది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల ప్రైమర్లలో, అంటే కార్ట్రిడ్జ్ మందును అంటించే చిన్న మూతల్లో, పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడ్ అనే లవణం మిగులుతుంది. ఆ లవణం గాలిలోని తేమను పట్టి ఉంచి, ఉక్కును తినేస్తుంది. పాత గొట్టాల్లో ఛాంబర్ ముందు కనిపించే గుంటల్లో చాలావాటికి కారణం ఇదే. 1920ల చివరి నుంచి తుప్పు పట్టించని ప్రైమర్లు వచ్చాయి. సైనిక నిల్వల్లో మాత్రం పాతరకం ఇంకా చాలాకాలం కొనసాగింది. ఈ లవణం నూనెలో కరగదు, నీటిలో బాగా కరుగుతుంది. కాబట్టి అలాంటి కార్ట్రిడ్జ్ వాడిన గొట్టాన్ని ముందు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పూయాలి. ఉక్కుకు నీరు శత్రువు కదా అంటారు. నిలిచిపోయిన నీరు శత్రువే, వెంటనే తుడిచి ఆరబెట్టిన నీరు కాదు. లవణం మీద నూనె పూయడం మాత్రం తుప్పును లోపల పెట్టి మూత వేయడమే. రెండు గొట్టాల మురికి కూడా ఒకటి కాదు. రైఫిల్ గాడుల్లో రాగి పొర పేరుకుంటుంది, .22 గొట్టంలో సీసం, షాట్‌గన్‌లో సీసంతో పాటు కొత్త కార్ట్రిడ్జుల ప్లాస్టిక్. రాగిని కరిగించే అమోనియా ద్రావకానికి షాట్‌గన్ గొట్టంలో పనే లేదు. ఒకే కడ్డీ, ఒకే బ్రష్, ఒకే సీసా రెండింటికీ సరిపోతాయనుకోవడం ఒకే తుపాకీ కదా అన్న భ్రమ నుంచి వచ్చిందే.

ఎక్కువ నష్టం జరిగేది అందం కోసం చేసే పనుల్లో. వెలిసిన గొట్టాలకు మళ్లీ నలుపు పెట్టించాలన్న కోరిక సహజం. నేటి కర్మాగారాల్లో వాడే వేడి పద్ధతిలో గొట్టాన్ని సోడియం హైడ్రాక్సైడ్, నైట్రేట్ లవణాల సుమారు 140 డిగ్రీల స్నానంలో ముంచుతారు. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీల దాకా కరగదు కదా, భయమెందుకని అడగవచ్చు. ఇక్కడ ప్రమాదం వేడి వల్ల కాదు, క్షారం వల్ల. అది తగరాన్ని, సీసాన్ని తినేస్తుంది. గొట్టాల మధ్య, పైపట్టీ కింద ఉన్న సన్నని ఖాళీల్లోకి దూరిన లవణం మళ్లీ బయటికి రాదు. ఏళ్ల తరబడి లోపలి నుంచి తొలుస్తూ ఉంటుంది. ఇలాంటి గొట్టాలకు తగినది పాత తుప్పు పద్ధతి. సన్నని ఎర్ర తుప్పును ఉద్దేశపూర్వకంగా పట్టించి, నీటిలో మరిగించి, దాన్ని మాగ్నటైట్ అనే నల్ల ఆక్సైడుగా మార్చి, మెత్తని బ్రష్‌తో రుద్దుతారు. ఇలా చాలాసార్లు చేస్తే గట్టి నలుపు వస్తుంది. ఏ పద్ధతికైనా ముందు జరిగే సానలో పరీక్షాలయం ముద్రలు, వ్యాసపు అంకెలు అరిగిపోతాయి. అంటే తుపాకీ గుర్తింపు పత్రాన్నే చెరిపేసినట్టు. తుప్పును అలాగే వదిలేయమంటారా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఎర్రగా, పొడిపొడిగా రాలే తుప్పు బతికున్న తుప్పు. దాన్ని నూనెతో, మెత్తని కంచు ఉన్నితో ఆపాల్సిందే. గోధుమ, నలుపు రంగుల్లో గట్టిగా అంటుకుని ఉన్న పొర చాలావరకు స్థిరపడినది. దాని మీద పలచటి నూనె చాలు.

కర్ర విషయంలోనూ అతి శ్రద్ధే శత్రువు. తుపాకీని మూతి పైకి పెట్టి గోడకు ఆనించి నిలబెడితే గొట్టాల్లోని నూనె కిందికి జారి, యాక్షన్ గుండా మడమ తలలోకి ఇంకుతుంది. ఖనిజ నూనె తాగిన వాల్‌నట్ కర్ర నల్లబడి మెత్తబడుతుంది. పేలుడు తోపు పడే చోటే మెత్తబడితే చీలిక వస్తుంది. శుభ్రం చేశాక కొంతసేపు మూతి కిందికి ఉంచడం, నూనె చుక్కల్లో వాడడం దీనికి విరుగుడు. స్టీవెన్స్ తుపాకుల్లో కొన్నిటికి 1940ల్లో టెనైట్ అనే సెల్యులోజ్ ప్లాస్టిక్ మడమలు పెట్టారు. అది కాలక్రమంలో కుంచించుకుని పెళుసెక్కుతుంది, అసిటోన్ వంటి ద్రావకాలు తగిలితే కరుగుతుంది. కర్ర అనుకుని దాని మీద ద్రావకం రుద్దితే జరిగిన నష్టం తిరిగిరాదు. లోపలి భాగాల దగ్గరా గుర్తింపే ముందు. .22 రిమ్‌ఫైర్ కార్ట్రిడ్జ్ అంచు మీద దెబ్బపడి పేలుతుంది. ఖాళీ ఛాంబర్ మీద గుర్రాన్ని, అంటే పేల్చే సూదిని కొట్టే సుత్తిని, వదిలితే కొన్ని పాత తుపాకుల్లో ఆ సూది ఛాంబర్ అంచునే కొట్టి గుంట చేస్తుంది. ఒకే గుర్రంతో రెండు గొట్టాలను పేల్చే తుపాకీలో గొట్టాన్ని ఎంచే మీట ఏ వైపుంటే ఏ గొట్టమో ఆ నమూనాను బట్టి తెలుసుకోవాలి. చాలా డ్రిల్లింగుల్లో మీట ముందుకు జరిపితే ముందు ట్రిగ్గర్ రైఫిల్‌కు మారుతుంది. ఆ ట్రిగ్గర్‌ను ముందుకు నొక్కి సిద్ధం చేసి ఉంటే వేలు తగిలితే చాలు పేలుతుంది. మీట అరిగి సగంలో ఆగే తుపాకీని సరిచేసే దాకా వాడకూడదు.

చివరి ఆక్షేపణ ఆచరణాత్మకమైనది. ఇన్ని కొలతలు, ఇన్ని జాగ్రత్తలు కావలసిన పాత ఇనుము ఎందుకు, కొత్తది కొనవచ్చు కదా, లేదా దీన్ని గోడకు తగిలించవచ్చు కదా? కొన్నిటికి నిజంగా గోడే సరైన చోటు. బ్లాక్ పౌడర్ కాలపు పలచని గొట్టం, కీలు వదులైన రైఫిల్, పట్టీ కింద తుప్పు దూరిన గొట్టాల జంట పేల్చకుండా ఉండటానికే అర్హమైనవి. అయితే ఆ తీర్పు కూడా కొలిచాకే ఇవ్వగలం. ఊహ మీద పేల్చడం ఎంత తప్పో, ఊహ మీద పారేయడమూ అంతే తప్పు. సరైన కార్ట్రిడ్జ్ తేలి, కీలు గట్టిగా ఉండి, గొట్టాలు నిబ్బరంగా ఉన్న డ్రిల్లింగ్ తాను పుట్టిన పనిని ఇంకో తరం పాటు చేయగలదు. చట్టం ఈ పరిధికి బయట లేదు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఇలాంటి తుపాకీ ఉంచుకోవాలన్నా, వృత్తిగా మరమ్మతు చేయాలన్నా లైసెన్సు కావాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇలాంటి పాత తుపాకీ చేతికొస్తే అక్కడి రాష్ట్ర చట్టాన్నీ చూడాలి. సీరియల్ నంబరును తప్పనిసరి చేసిన 1968 సమాఖ్య చట్టానికి ముందు అక్కడ తయారైన చవక తుపాకుల్లో చాలావాటికి సీరియల్ నంబరే ఉండదు, అది లేకపోవడం దానంతటదే నేరానికి గుర్తు కాదు. కాబట్టి పని వరుస ఇలా ఉండాలి. ఖాళీగా ఉందని చూడాలి, ముద్రలు చదివి ఫోటో తీసి పెట్టుకోవాలి, ఛాంబర్లను, గొట్టాలను, కీలును కొలిపించాలి, బతికున్న తుప్పును మాత్రమే ఆపాలి, పేల్చాలా వద్దా అన్నది ఆ తర్వాతే నిర్ణయించాలి. మెరుగు పెట్టడం ఈ జాబితాలో అసలు లేకపోయినా తుపాకీకి వచ్చే నష్టం లేదు. మొదటి మూడింటిలో ఏది తప్పినా, తుపాకీతో పాటు దాన్ని భుజానికెత్తినవాళ్లూ నష్టపోతారు.